మిర్చి అడ్తిలో ఎనిమిది బటన్లు: డబ్ల్యూఎక్స్‌పైథాన్ టూల్‌బార్ ఎలా ఉందంటే

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మా మేనమామకు మిర్చి అడ్తి దుకాణం ఉంది, అంటే కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే దుకాణం. రెండు సీజన్లుగా అక్కడ నేను రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేరే నడుస్తోంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. విండోలు, మెనూలు, బటన్లు అన్నీ డబ్ల్యూఎక్స్‌పైథాన్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీతో కట్టాను. ఇక్కడ ఆ లైబ్రరీ మొత్తం గురించి రాయడం లేదు, అందులోని టూల్‌బార్, అంటే విండో పైన బటన్లు వరుసగా ఉండే పట్టీ, ఆ ఒక్కదాని గురించే రాస్తున్నా. దుకాణంలో గుమాస్తాగా ఉన్న తాత పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసేదీ నొక్కేదీ ఆ పట్టీనే మరి. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

మార్కెట్ పని తెలియని వాళ్లకు రెండు మాటలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బాగా వస్తుంది. పొద్దున ఆ రోజు ధర తేల్చే జెండా పాట అవుతుంది. తర్వాత ఖరీదుదారులు లాట్లు చూసుకుంటూ ధర కడతారు. ఆపైన కాంటాలు, అంటే తూకాలు. తూకం వేసే దడువాయి దాన్ని చీటీ మీద రాసిస్తాడు. ఆ చీటీ గుమాస్తా చేతికొస్తే ఆయన బస్తాలు, తూకం, ధర కంప్యూటర్‌లోకి ఎక్కించి, హమాలీ, దడువాయి లాంటి ఖర్చులు పోను రైతుకు ఎంతొస్తుందో లెక్క తీసి, ఆ లెక్క చీటీ అయిన తక్‌పట్టీ చేతిలో పెట్టాలి. ఆ రైతు ములుగు నుంచో భూపాలపల్లి నుంచో ట్రాలీలో బస్తాలేసుకుని రాత్రే బయల్దేరి వచ్చి ఉంటాడు. నిద్ర లేని కళ్లతో కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు. అలాంటప్పుడు గుమాస్తా ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోకూడదు. నాకు ఇంత పట్టింపు అందుకే.

ఇంతకుముందు దుకాణంలో ఉన్న సాఫ్ట్‌వేర్ బయటివాళ్లెవరో చేసిచ్చింది. పైన రెండు వరుసల్లో బొమ్మలే బొమ్మలు, ఒక్క మాట కూడా లేదు. తాత మానిటర్ పై అంచుకు తెల్ల కాగితం ముక్క అతికించి, ఏ బొమ్మ దేనికో బాల్‌పెన్‌తో రాసుకున్నాడు. మూడోది ‘తక్‌పట్టీ’, ఏడోది ‘ప్రింటు’, తొమ్మిదోదాని కింద ‘ముట్టొద్దు’ అని ఉంది. నేను మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడే, కొత్తది రాస్తే ముందు ఈ పట్టీతోనే మొదలుపెట్టాలని అనుకున్నాను.

అన్ని రకాల కంప్యూటర్లలో నడిచే క్రాస్ ప్లాట్‌ఫామ్ లైబ్రరీ ఎందుకంటే, మా ఇంటి లెక్కలే అలా ఉన్నాయి. దుకాణంలో విండోస్ డెస్క్‌టాప్. హన్మకొండలో నేను పనిచేసుకునే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్. హైదరాబాద్‌లో ఉండే బావది మ్యాక్‌బుక్, నెలాఖరు లెక్కలు చూసేది ఆయనే. మూడింటికీ మూడు ప్రోగ్రాములు రాసే ఓపిక నాకు లేదు. మరోపక్క, మూడు చోట్లా పరాయిదానిలా కనిపించే ప్రోగ్రామ్ కూడా వద్దనుకున్నాను. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ అనే సి ప్లస్ ప్లస్ లైబ్రరీని పైథాన్‌కు అందించేదే డబ్ల్యూఎక్స్‌పైథాన్. దీన్ని మొదలుపెట్టింది రాబిన్ డన్. అసలు లైబ్రరీ 1992లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో జూలియన్ స్మార్ట్ చేతుల్లో పుట్టింది. ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లా, సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్ వాడేవాళ్లకు తెలియకుండానే దీనితో పరిచయం ఉంది, అవి దీనితో కట్టినవే. ఇంత పాతది ఎందుకు ఎంచుకున్నానంటే, అడ్తి దుకాణంలో ఒకసారి పెట్టిన సాఫ్ట్‌వేర్‌ను పదేళ్లు కదిలించరు. ముప్పై ఏళ్లుగా నిలిచినది ఇంకో పదేళ్లు నిలుస్తుందని నా నమ్మకం. డబ్బులు కట్టక్కర్లేదు. మనం కట్టిన ప్రోగ్రామ్ సోర్స్ బయటపెట్టకుండా అమ్ముకోవడానికి కూడా దాని లైసెన్స్ ఒప్పుకుంటుంది.

ఇక టూల్‌బార్ సంగతి. దీని గొప్పంతా ఒక్కదానిలో ఉంది. ఇది బొమ్మ గీసి టూల్‌బార్‌లా చూపించదు, ఆ మెషీన్‌లో ఉన్న అసలు టూల్‌బార్‌నే తెచ్చి పెడుతుంది. విండోస్‌లో విండోస్‌ది, ఉబుంటులో అక్కడి జీటీకే లైబ్రరీది, మ్యాక్‌లో మ్యాక్‌ది. నేను రాసేది మాత్రం ఒకటే కోడ్. ఫ్రేమ్‌కు, అంటే ప్రధాన విండోకు, క్రియేట్‌టూల్‌బార్ అని చెప్పడం, ఒక్కో బటన్‌కు యాడ్‌టూల్ అని ఐడీ, పేరు, బొమ్మ ఇవ్వడం, మధ్యలో గీత కావాలంటే యాడ్‌సెపరేటర్, చివర పట్టీని తెర మీదికి తెచ్చే రియలైజ్. అంతే. దుకాణంలో తాత మౌస్ పెట్టగానే బటన్ మీద వచ్చే ఆ లేత నీలం మెరుపు, ఆయన మిగతా విండోస్ ప్రోగ్రాముల్లో చూసేదే. ఆయనకు కొత్తగా నేర్పాల్సింది లేదు. బావ మ్యాక్‌లో అదే పట్టీ విండో పైభాగంలో కలిసిపోయి, మ్యాక్ కోసమే రాసినట్టు కనిపించింది. “నువ్వు మ్యాక్ కొన్నవా ఏంది?” అని ఫోన్ చేసి అడిగాడు. ఒక షరతుంది. మ్యాక్‌లో ఈ అసలు రూపం ఫ్రేమ్‌కు కట్టిన ఒక్క పట్టీకే దక్కుతుంది. లోపల ప్యానెల్‌లో ఇంకోటి పెడితే దాన్ని లైబ్రరీయే గీసి చూపిస్తుంది, తేడా కనబడుతుంది. నేను అందుకే ఒక్కటే పట్టీ ఉంచాను.

ఈ నిర్ణయానికి రాకముందు ఒక తప్పు చేశాను. ఇదే లైబ్రరీలో ఏయూఐ అని ఇంకో రకం టూల్‌బార్ ఉంది. దాన్ని లైబ్రరీ సొంతంగా గీస్తుంది. ఎడమ చివరన చుక్కల పట్టు ఉంటుంది, దాన్ని పట్టి పట్టీని ఎటైనా లాగొచ్చు, విండో బయటికి కూడా తీయొచ్చు. మొదటి వెర్షన్‌లో నేను అదే పెట్టాను, చూడ్డానికి బాగుందని. ఫిబ్రవరిలో ఒక సోమవారం, రద్దీ మధ్యలో, తాత నుంచి ఫోన్. “బిడ్డా, పైనున్న పట్టీ ఊడొచ్చింది.” వెళ్లి చూస్తే నిజంగానే ఊడొచ్చింది. మౌస్ జారి పట్టు దగ్గర నొక్కుడు పడింది, పట్టీ వచ్చి సరిగ్గా తూకం వేసే గడుల మీద తేలుతోంది. దాన్ని పక్కకు జరపాలని తెలియక, కనపడని గడుల్లోనే అందాజుగా అంకెలు కొడుతున్నాడు. ఒక రైతుకు 41 బస్తాల తూకం రెండుసార్లు కొట్టించాల్సి వచ్చింది. అది ఏయూఐ తప్పు కాదు, నాదే. డిజైన్ చేసేవాళ్లకు, సర్క్యూట్ బోర్డులు గీసేవాళ్లకు పట్టీలు ఇష్టం వచ్చిన చోట పెట్టుకోవడం అవసరం. కౌంటర్ మీద కూర్చునే మనిషికి ఏ బటన్ నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉండాలి. ఆ రాత్రే మామూలు టూల్‌బార్‌కు మార్చేశాను. దాన్ని లాగడం కుదరదు. ఇలాంటి పనికి ఆ కుదరకపోవడమే దాని బలం.

తర్వాత పేర్లు. ఏమీ చెప్పకపోతే ఈ టూల్‌బార్ బొమ్మలే చూపిస్తుంది. టీబీ టెక్స్ట్ అనే స్టైల్ ఇస్తే బొమ్మ కింద పేరు వస్తుంది. టీబీ హారిజాంటల్ టెక్స్ట్ ఇస్తే పక్కన వస్తుంది. నేను కింద పెట్టాను, పేర్లన్నీ తెలుగులో. కొత్త లాటు, కాంటా, ధర, తక్‌పట్టీ, ప్రింట్, రైతు ఖాతా, రోజు లెక్క, రద్దు. తెలుగు అక్షరాలు సరిగ్గా కూడుతాయా అని నాకు కొంచెం టెన్షన్ ఉండింది. ఇంకోచోట ‘ప్రింట్’ రాస్తే ‘ప’ పక్కన ర ఒత్తు విడిగా వేలాడటం చూసినదాన్ని. ఇక్కడ ఆ గొడవే రాలేదు. అక్షరాలను గీసే పని కూడా ఆయా మెషీన్‌దే కాబట్టి, ఆ మెషీన్‌లో తెలుగు ఎంత బాగా కనిపిస్తే ఇక్కడా అంత బాగా కనిపించింది. దుకాణంలో ‘తక్‌పట్టీ’లో ట కింద ఒత్తు చక్కగా కూర్చుంది. ఆ రోజు సాయంత్రం తాత మానిటర్ అంచు మీది కాగితాన్ని గోటితో గీకి తీసేశాడు. జిగురు మరక ఇప్పటికీ అలాగే ఉంది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. తెలుగు పేరు పొడుగైతే పట్టీ మొత్తం సాగుతుంది. మొదట ‘రైతు ఖాతా వివరాలు’ అని పెట్టాను. దుకాణంలో మానిటర్ 1366 చుక్కల వెడల్పు. కుడి చివరి బటన్ సగం తెగిపోయింది. విండోస్‌లో ఈ మామూలు టూల్‌బార్ పట్టనిదాన్ని బాణం గుర్తు వెనక దాచి చూపించదు, కోసేస్తుంది. నేను తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎక్కువగా దీనికే. ఏయూఐలో పట్టని బటన్లను ఒక బాణం కింద పెట్టే ఏర్పాటు ఉంది, ఇక్కడ లేదు. కాబట్టి పేరు ఒకటి రెండు మాటల్లో ముగించాలి. మిగతాది మౌస్ పెడితే బటన్ దగ్గర కనిపించే టూల్‌టిప్‌లో రాయాలి. ఇంకా పెద్ద వివరణ ఉంటే అది మౌస్ పెట్టినప్పుడు కింద స్టేటస్ బార్‌లో వస్తుంది. రెండింటికీ యాడ్‌టూల్‌లోనే చోటుంది.

బొమ్మల దగ్గర నాకు రెండు వారాలు పట్టింది. ఆ శ్రమ పడినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. లైబ్రరీతో పాటు ఆర్ట్‌ప్రొవైడర్ అని ఒకటి వస్తుంది, కొత్త ఫైల్, తెరువు, ప్రింట్ లాంటి రెడీమేడ్ బొమ్మలు ఇస్తుంది. ఉబుంటులో అవి నా థీమ్ నుంచి వచ్చి అందంగా ఉన్నాయి. దుకాణం మెషీన్‌లో అవే పాతకాలం బొమ్మల్లా కనిపించాయి. పైగా కాంటాకు, బస్తాకు, తక్‌పట్టీకి బొమ్మలు ఎవరు ఇస్తారు? బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ప్రోగ్రామ్‌లో నేనే గీసుకున్నాను. కొత్త లాటుకు మూతి కుట్టిన గోనె బస్తా, కాంటాకు తూకం యంత్రం, తక్‌పట్టీకి అంచు చిరిగిన చీటీ. ధరకు ఒక ఎర్ర మిరపకాయ పక్కన రూపాయి గుర్తు. ఆ మిరపకాయను లావుగా, పొట్టిగా టమాటాకు దగ్గరగా గీశాను. మా వైపు చపాటా అలాగే ఉంటుంది కాబట్టి తాత చూడగానే గుర్తుపట్టాడు.

అవి ఎస్‌వీజీ ఫైళ్లు. అంటే ఎంత పెద్దగా చేసినా మసకబారవు. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ 3.2లో, అంటే 2022లో వచ్చిన వెర్షన్‌లో, బిట్‌మ్యాప్‌బండిల్ అనేది అందరికీ అందింది. దానికి ఒక ఎస్‌వీజీ ఇస్తే ఏ స్క్రీన్‌కు ఎంత సైజు కావాలో అదే తయారు చేసుకుంటుంది. అంతకుముందు విండోస్‌కు 16కి 15, జీటీకేకు 24కి 24 చుక్కల మామూలు సైజు చూసుకుంటూ పీఎన్‌జీలు, అంటే సాగదీస్తే మసకబారే చుక్కల బొమ్మలు, చేసుకునేవాళ్లం. మామ కిందటి సంక్రాంతికి కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ స్కేలింగ్ 150 శాతం ఉంది. పాత పీఎన్‌జీలతో అయితే బొమ్మలు పేలాల్లా కనిపించేవి. బండిల్ పెట్టాక ఏమీ మార్చకుండానే తేటగా వచ్చాయి.

ఒక్క చోట చిక్కుకున్నాను. ఇలాంటి పని చేసేవాళ్లకు ఉపయోగపడుతుందని చెబుతున్నా. ధర బొమ్మలో రూపాయి గుర్తును, కాంటా బొమ్మలో క్వింటాల్‌కు గుర్తుగా ‘క్వి’ అనే అక్షరాన్ని టెక్స్ట్‌గా టైప్ చేశాను. ఇంక్‌స్కేప్‌లో కనిపిస్తున్నాయి, బ్రౌజర్‌లో కనిపిస్తున్నాయి, టూల్‌బార్‌లో మాత్రం లేవు. మిరపకాయ ఉంది, పక్కన ఖాళీ. ఫాంట్ లేదేమోనని ఒక రాత్రంతా ఫాంట్లు మార్చి చూశాను. చివరికి తెలిసింది ఏమంటే, ఎస్‌వీజీని చదవడానికి ఈ లైబ్రరీ వాడేది నానోఎస్‌వీజీ అనే చిన్న కోడ్. అది గీతలు, ఆకారాలు చదువుతుంది కానీ టెక్స్ట్‌ను వదిలేస్తుంది. ఇంక్‌స్కేప్‌లో ఆ అక్షరాన్ని ఎంచుకుని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొడితే అక్షరం ఆకారంగా మారిపోతుంది. మళ్లీ సేవ్ చేశాను, రూపాయి గుర్తు వచ్చి కూర్చుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది, మెనూకూ టూల్‌బార్‌కూ మధ్య ఉన్న చుట్టరికం. రెండిట్లోనూ ఒకే ఐడీ ఇస్తే చాలు, మెనూలో నొక్కినా బటన్ నొక్కినా ఒకే ఫంక్షన్ పనిచేస్తుంది. తాత కుడిచేయి ఎప్పుడూ అంకెల కీల మీదే ఉంటుంది, మౌస్ పట్టుకోవాలంటే విసుగు. మెనూలో తక్‌పట్టీ పక్కన ఎఫ్ 5 అని ఇచ్చాను. ఇప్పుడు ఆయన మెనూ తెరవడు, చాలాసార్లు బటన్ కూడా నొక్కడు, ఎఫ్ 5 కొడతాడు. బటన్ అక్కడ ఉండటం ఆయనకు గుర్తు చేయడానికే. కొత్తగా వచ్చిన కుర్రాడు మాత్రం బటన్లే నొక్కుతాడు. ఇద్దరికీ ఒకే దారి.

బటన్‌ను ఎప్పుడు పనిచేయించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. తూకం, ధర రెండూ పడేదాకా తక్‌పట్టీ బటన్ బూడిద రంగులో ఉండాలి. ప్రతి గడి మారినప్పుడల్లా నేను వెళ్లి బటన్‌ను మార్చనక్కర్లేదు. అప్‌డేట్ యూఐ అనే ఈవెంట్ ఉంది. ప్రోగ్రామ్ ఖాళీగా ఉన్న క్షణాల్లో ‘ఈ బటన్ ఇప్పుడు పనిచేయాలా?’ అని అదే అడుగుతుంది. నేను ఒక్కచోట అవునో కాదో చెబితే మెనూలోనూ పట్టీలోనూ రెండూ మారిపోతాయి. బూడిద రంగు బొమ్మ కూడా అదే తయారు చేసుకుంటుంది. కోడ్ వరకు ఇది చక్కగా ఉంది. కౌంటర్ దగ్గర మొదటి రోజు తాత అన్న మాట వేరు. “బటన్ సచ్చిపోయింది బిడ్డా.” ఆ రోజు ఆయన ధర వేయడం మరిచాడు. బూడిద రంగు అంటే ‘ఇంకా ఏదో మిగిలింది’ అని మనకు తెలుసు. ఆయనకు అది చెడిపోయిన వస్తువు. మర్నాడు స్టేటస్ బార్‌లో ఎర్రగా ‘ధర వేయలేదు’, ‘తూకం వేయలేదు’ అని వచ్చేలా చేశాను. అప్పటి నుంచి ఆయన ముందు కిందికి చూసి, తర్వాత పైకి చూస్తాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. రియలైజ్ మరిచిపోతే విండోస్‌లో బటన్లు రావు, ఎర్రర్ కూడా రాదు. నేను మరిచిపోయాను, రెండు గంటలు పోయాయి. ఇక ఇన్‌స్టాల్. విండోస్‌లో, పైథాన్ లైబ్రరీలను దించిపెట్టే పిప్‌తో నిమిషాల్లో అయిపోతుంది. ఉబుంటులో అదే పిప్ కొడితే మొత్తం సోర్స్ నుంచి కంపైల్ చేయడానికి కూర్చుంటుంది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయినది, సగంలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ఉబుంటు సొంత ప్యాకేజీల్లో డబ్ల్యూఎక్స్‌పైథాన్ ఉంది, ఆ ప్యాకేజీలు దించే ఆప్ట్ కమాండ్‌తో దాన్ని తెచ్చుకోవడం తేలిక. తగ్గించిన మార్కులో కొంత వాటా దీనిది కూడా.

మరి వేరేవి వాడొచ్చు కదా అంటే, వాడొచ్చు. పైథాన్‌తోనే వచ్చే టీకేఇంటర్‌లో టూల్‌బార్ అనే వస్తువే లేదు, ఫ్రేమ్‌లో బటన్లు వరుసగా పేర్చుకోవాలి. చిన్న పనికి అదీ సరిపోతుంది. క్యూటీ అనే ఇంకో లైబ్రరీలో టూల్‌బార్ చాలా సమర్థమైనది. ఒక యాక్షన్‌ను తయారుచేసి మెనూలో, పట్టీలో రెండు చోట్లా పెట్టే పద్ధతి ఇంకా శుభ్రంగా ఉంటుంది. పెద్ద అప్లికేషన్ రాస్తే నేను అటే వెళ్తానేమో. ఎనిమిది బటన్ల అడ్తి దుకాణానికి మాత్రం నాకు ఇది చాలు.

మొన్న ఏప్రిల్ చివర్లో, రాక తగ్గాక, తాత ఒక కోరిక కోరాడు. “గా రద్దు బటన్‌ను జర దూరం పెట్టు బిడ్డా. రోజు లెక్క కొట్టబోతే చెయ్యి దాని మీద పడుతుంది.” నిజమే, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. యాడ్‌స్ట్రెచబుల్‌స్పేస్ అని ఒక్క లైన్ మధ్యలో చేర్చాను. విండో ఎంత పెద్దదైనా చిన్నదైనా మధ్య ఖాళీ సాగి, రద్దు బటన్ ఒక్కటే కుడి చివరకు వెళ్లి నిలబడింది. మామ వెనక నుంచి చూసి, “ఏం కోడలా, దాన్ని ఇంటి బయట కూర్చోబెట్టినవ్?” అన్నాడు. తాత మాత్రం రోజు లెక్క బటన్ మీద మౌస్ పెట్టి, దాని కుడిపక్క ఖాళీలో ఓ పదిసార్లు నొక్కి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. “గిట్లనే ఉండనియ్యి” అన్నాడు.